ఎగరని మిడతలు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, మా ఇంటి పెరట్లో కొన్నాళ్లు ఒక ఊసరవెల్లి ఉండేది. దాన్ని మేము కోరి తెచ్చుకోలేదు. అశోక్‌నగర్‌లో మా సందు చివర ఎవరో పిల్లలు రాళ్లతో కొడుతుంటే మా నాన్న వాళ్లను అదిలించి, దాన్ని చేతిరుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాడు. వెనక కాలు ఒకటి విరిగి బయటికి తిరిగిపోయింది. ఒళ్లు బొగ్గులా నల్లబడి, నోరు తెరిచి బుసకొడుతోంది. మా నాయనమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. అలాంటిది ఇంట్లోకి రాకూడదని, అందులోనూ మనిషి ఒంట్లో బాగాలేని ఇల్లని గొణిగింది. నాన్న ఆమెతో వాదించలేదు. ఇంటి పక్కనున్న ఇరుకు దారిలోంచి పెరట్లోకి తీసుకుపోయాడు.

నాన్నకు చిక్కడపల్లిలో, లైబ్రరీకి పోయే దారిలో జిరాక్స్ షాపు ఉండేది. ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లతో చుట్టుపక్కల కిరాయి గదులన్నీ నిండి ఉండేవి. వాళ్ల నోట్సు కాపీలు తీస్తూ నాన్న మిషను పొద్దస్తమానం తిరుగుతుండేది. నాన్నకు బాగుండకపోవడం మొదలయ్యాక షాపు మా బాబాయి చేతికి వచ్చింది. నాన్న వారంలో రెండు రోజులు నారాయణగూడ వైపు ఒక ఆసుపత్రికి వెళ్లి, సాయంత్రానికి రంగు వెలిసిపోయిన మొహంతో తిరిగొచ్చేవాడు. ఏమైందని అడిగితే అమ్మ కడుపులో పుండు అనేది. నాయనమ్మ వేడి చేసిందనేది. బాబాయి, వచ్చే నెలకు అంతా సెట్ అయిపోతదిలే అనేవాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పినా నేను ముగ్గురినీ నమ్మాను. నాన్నను అడిగితే నవ్వి, తల నిమిరి ఊరుకునేవాడు. ఎండాకాలంలో కూడా ఆయన పొడుగు చేతుల చొక్కానే వేసుకునేవాడు. ఎందుకని అడగాలని నాకు తోచలేదు.

పెరట్లో పాత ప్లాస్టిక్ డ్రమ్ములో కరివేపాకు చెట్టు ఒకటి ఉండేది. నాన్న దాని చుట్టూ నాలుగు కర్రలు పాతి, చిరిగిన దోమతెర కుట్టి కప్పి, ఊసరవెల్లిని అందులో వదిలాడు. కాలు అతుక్కుని సొంతంగా వేటాడుకునేంత బలం వచ్చాక వదిలేద్దామన్నాడు. అది మన సొత్తు కాదని, ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పేనని మొదటి రోజే చెప్పాడు. నేను తలూపాను గానీ, మనసులో అప్పటికే దాన్ని నాదనుకున్నాను.

దానికి తిండి పెట్టడం నా పనైంది. చచ్చిన పురుగును అది కన్నెత్తి చూడదు. ప్రాణమున్నది, కదిలేది కావాలి. మా ఇంటి పక్కన ఏదో కోర్టు కేసులో ఉండి ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని ఖాళీ జాగా ఉండేది. పిచ్చి మొక్కలు నా భుజాల దాకా పెరిగి ఉండేవి. అందులో మిడతలకు కొదవలేదు. నాన్న తన మందుల డబ్బాలకు మూతల మీద సూదితో చిల్లులు పొడిచి నాకిచ్చాడు. ఎట్లా పట్టాలో కూడా ఆయనే నేర్పాడు. వెనక నుంచి పోకూడదు, ముందు నుంచి అరచెయ్యి గిన్నెలా పట్టి మూయాలి. మురికి కాలువ పక్కన పట్టకూడదు. ఊసరవెల్లి తల కంటే పెద్ద పురుగును తేకూడదు. ఎంత తింటుందో అంతే తేవాలి, సరదాకి పట్టి చంపకూడదు. మిడత కాళ్లు నా అరచేతిలో గిలకొట్టుకుంటుంటే మొదట్లో భయమేసేది. తర్వాత జాలేసేది. ఒకదాన్ని బతికించడానికి ఇన్నిటిని చంపుతున్నామా అని ఒకసారి నాన్నను అడిగాను. అవునన్నాడు. దానికి వేరే పేరు పెట్టి తీపి చేయలేదు.

ఆ ఏడాది తెలంగాణ కోసమని ఎప్పుడు చూసినా బంద్‌లు. బస్సులు ఉండేవి కావు, బడులు మూసేసేవాళ్లు. నాకది సంబరంగా ఉండేది. రోజంతా ఆ జాగాలోనే తిరిగేదాన్ని. బంద్ రోజు నాన్న ఆసుపత్రి వంతు పడితే మాత్రం ఇంట్లో అందరూ పరేషాన్ అయ్యేవాళ్లు. బాబాయి ఆయన్ను స్కూటరు మీద సందుల్లోంచి తిప్పి తిప్పి తీసుకెళ్లేవాడు. ఒక్కరోజు పోకపోతే ఏమవుతుందని నేనంటే అమ్మ నన్ను కోపంగా చూసింది. కడుపులో పుండుకు అంత కంగారెందుకో నాకు అర్థం కాలేదు.

సాయంత్రాలు నాన్న పెరట్లో కుర్చీ వేసుకుని దోమతెర ముందు కూర్చునేవాడు. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు. ఆకుల మీద చల్లితే బొట్లు బొట్లుగా నాకుతుంది. నాన్న చేత్తో నీళ్లు చిలకరించి, అది తాగుతున్నంతసేపూ కళ్లార్పకుండా చూసేవాడు. ఆయనకు అప్పట్లో రోజుకిన్ని నీళ్లే తాగాలని డాక్టరు కొలిచి చెప్పిన సంగతి నాకు తర్వాత తెలిసింది. దాని కళ్లు ఒకటి నా వైపు, ఒకటి నాన్న వైపు తిరిగేవి. మిడతను చూడగానే రెండు కళ్లూ ఒకచోట కలిసేవి. తర్వాత నాలుక. అది పోయింది, వచ్చింది అనేది కంటికి ఆనేది కాదు. చెట్టు మీద ఉన్న మిడత నోట్లో ఉండేది. కాలు అతుక్కుంది గానీ వంకరగానే అతుక్కుంది. కొమ్మ మీద నడిస్తే ఆ కాలు ఒకటి గాల్లోనే ఉండిపోయేది.

వానలు పడ్డాక దోమలు ఎక్కువయ్యాయి. ఒక సాయంత్రం దోమల మందు పొగ వదిలే మిషను మా సందులోకి వచ్చింది. పిల్లలమంతా ఎప్పటిలాగే ఆ తెల్లటి పొగలో కేకలేస్తూ వెనక పరుగెత్తాం. మిషను పట్టుకున్న మనిషి ఖాళీ జాగా దగ్గర చాలాసేపు నిలబడి మొక్కలన్నీ పొగలో మునిగిపోయేదాకా వదిలాడు. అప్పుడు నాన్న ఇంట్లో లేడు. ఆయాసం ఎక్కువైతే ముందురోజే ఆసుపత్రిలో చేర్చారు. మందులు మారుస్తున్నారని నాకు చెప్పారు.

మర్నాడు నేను జాగాలోకి వెళ్లేసరికి మిడతలు ఆకుల మీద కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. చెయ్యి చాపితే ఎగరలేదు. కాళ్లు నెమ్మదిగా కదిలించాయి, అంతే. నాకు పండగలా అనిపించింది. నిమిషాల్లో డబ్బా నింపుకొచ్చాను. ఊసరవెల్లి కూడా ఆశగా తిన్నది. ఆ మరుసటి పొద్దున బడికి పోతూ చూస్తే అది చెట్టు మొదట్లో, మట్టి మీద, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. అట్లా నేల మీద ఎప్పుడూ పడుకోదు. నాయనమ్మను పిలిచి చూపించాను. కడుపు నిండింది, పండుకుంది, బడికి పో అన్నది.

సాయంత్రం వచ్చేసరికి దోమతెర మీద దుప్పటి కప్పి ఉంది. కాలుకు మందు రాశామని, రెండు రోజులు ముట్టుకోవద్దని అమ్మ చెప్పింది. నేను ముట్టుకోలేదు. ఆ దుప్పటి ఎత్తిన రోజు నేను చూసింది ఇప్పటికీ నాకు గుర్తే. ఊసరవెల్లి పై కొమ్మ మీద ఉంది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగులో ఉంది. నాలుగు కాళ్లతోనూ కొమ్మను గట్టిగా పట్టుకుని ఉంది. వంకర కాలు వంకరగా లేదు.

నేను కేక పెట్టుకుంటూ ఇంట్లోకి పరుగెత్తాను. నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది.

"చూసినవా, కాలు మంచిగైంది. మీ నాయినకు గూడ గట్లనే మంచిగైతది."

అమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దుతోంది. బాబాయి తలుపు దగ్గర నిలబడి చెప్పులు వేసుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ నా మొహం వైపు చూడలేదన్నది నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం నేను ఆ మాటను పట్టుకుని ఎగిరాను. పక్కింటి అక్కకు చెప్పాను. బడిలో చెప్పాను. విరిగిన కాలే బాగైనప్పుడు నాన్న కడుపులో పుండు ఒక లెక్కా? నాన్న లేచాక ఎక్కడెక్కడికి పోవాలో ఆ రాత్రి మనసులో అనుకుంటూ నిద్రపోయాను.

జరిగింది వేరు. నేను బడిలో ఉండగా ఊసరవెల్లి చచ్చిపోయింది. నేను బెంగపెట్టుకుంటానని, అసలే ఇంట్లో ఇట్లా ఉంటే ఇది కూడా ఎందుకని, బాబాయి దాన్ని పెరటి గోడ పక్కన పాతిపెట్టాడు. తనకు తెలిసిన ఆటో అతను ఊరి బయట ఉంటాడు. అతనికి చెప్పి అక్కడి తుప్పల్లోంచి ఇంకోదాన్ని పట్టించి తెచ్చాడు. నా మీద ప్రేమతోనే చేశాడు. అందులో నాకు ఈనాటికీ అనుమానం లేదు.

దుప్పటి ఎత్తిన మర్నాడు నాన్న ఇంటికి వచ్చాడు. ఆటో దిగి లోపలికి నడవడానికి బాబాయి భుజం పట్టుకున్నాడు. వచ్చీ రాగానే ఆయన్ను పెరట్లోకి లాక్కుపోయి కాలు చూపించాను. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బాబాయి వైపు చూశాడు. బాబాయి తల దించుకున్నాడు. నేను అదేమీ పట్టించుకోకుండా, ఇప్పుడే వస్తానని చెప్పి డబ్బా తీసుకుని పక్క జాగాలోకి దూరాను. మధ్యలో ఇంకోసారి పొగ మిషను వచ్చి పోయింది. మిడతలు మళ్లీ అట్లాగే చేతికి దొరికాయి. డబ్బా నిండా పట్టి తెచ్చాను.

నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. మిడతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా తిరిగి కాళ్లు ఆడిస్తున్నాయి.

"ఏడ పట్టినవ్ బిడ్డా ఇవి?"

"గీ పక్క జాగలనే. ఇప్పుడు ఉరుకుడు గూడ లేదు నాన్నా. ఎగురుతలేవు. కూసున్నకాడనే దొరుకుతున్నయ్."

నాన్న మూత తీయలేదు. పొగ మిషను ఎప్పుడొచ్చిందని అడిగాడు. చెప్పాను. మొదటిసారి వచ్చిన మర్నాడు కూడా ఇట్లాగే దొరికాయా అని అడిగాడు. అవునన్నాను. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి వద్దన్నట్టు తల ఊపింది. బాబాయి గొంతు తగ్గించి అన్నాడు.

"చిన్నపిల్ల అన్నా. ఇప్పుడెందుకు?"

"ఇప్పుడు చెప్పకుంటే ఇంకో గంటల దీన్ని గూడ చంపుతది రా. తెల్వక చంపుతది."

నన్ను పక్కనున్న స్టూలు మీద కూర్చోమన్నాడు. తను కుర్చీ ముందుకు జరుపుకుని, నా మొహానికి తన మొహం సమంగా వచ్చేట్టు వంగాడు. ఆ ఊసరవెల్లి చచ్చిపోయిందని చెప్పాడు. ఇది వేరేదని చెప్పాడు. పొగలో ఉన్నది విషమని, అది పడ్డ పురుగులు ఎగరలేక అట్లా ఉన్నాయని, వాటిని తిని అది చచ్చిపోయి ఉంటుందని, ఒక్కో మాట నాకు అర్థమైందో లేదో చూసుకుంటూ చెప్పాడు.

"నీది తప్పు గాదు. నీకు తెల్వదు. ఎగరని పురుగును తేవద్దని నేను ముందుగాల చెప్పాల్సి ఉండె. నేను చెప్పలే."

నాకు ఏడుపు రాలేదు. నా తల వేరే చోటికి పోయింది. కాలు బాగైంది కాబట్టి నాన్న బాగవుతాడన్నారు. కాలు బాగు కాలేదు. ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

"మరి నువ్వు?" అన్నాను.

నాయనమ్మ లోపలి గదిలోంచి నాన్నను పేరు పెట్టి గట్టిగా పిలిచింది. నాన్న నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నాకు బాగుగాదు బిడ్డా. నా కిడ్నీలు రెండూ పోయినయి. ఎన్ని రోజులుంటనో డాక్టరుకు గూడ తెల్వదు. ఉన్నన్ని రోజులు నువ్వు ఏమడిగినా నీకు అబద్ధం చెప్ప."

అమ్మ స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని నల్లా తిప్పింది. నీళ్లు బకెట్టులో పడి, నిండి, పొర్లి, బయటికి పారుతున్నా కట్టేయలేదు. బాబాయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాకు అప్పుడు వచ్చింది కోపం. ఇది ఇంకా ఎవరెవరికి తెలుసని అడిగాను. అందరికీ తెలుసన్నాడు నాన్న. పక్కింటి అక్కకు కూడానా అంటే అవునన్నాడు. అందరూ తెలిసే నా గంతులు చూశారన్నది నాకు దెబ్బలా తగిలింది. స్టూలు తన్నేసి లోపలికి పోయి, చాపలో చుట్టుకుని పడుకున్నాను. నాన్న వెనక రాలేదు. పిలవలేదు. ఆకలేసి నేనే లేచి వచ్చేసరికి అదే కుర్చీలో ఉన్నాడు.

నాయనమ్మ ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. కన్నబిడ్డకు అట్లాంటి మాట తన నోటితో చెప్పినవాడు మనిషేనా అని వచ్చిన చుట్టాలందరి ముందూ అన్నది.

ఆ కొత్త ఊసరవెల్లిని మేము ఉంచుకోలేదు. దానికి నాలుగు కాళ్లూ బాగున్నాయి, మన దగ్గర దానికేం పని అన్నాడు నాన్న. ఒక బంద్ రోజు రోడ్లన్నీ ఖాళీగా ఉంటే బాబాయి స్కూటరు మీద ముందు నన్ను నిలబెట్టుకుని, వెనక నాన్నను కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్లాడు. దాన్ని పట్టిన తుప్పల దగ్గరే ఆగాం. నాన్న గుడ్డ విప్పి ఒక కొమ్మకు ఆనించాడు. అది అడుగు ముందుకు, వెనక్కి, ముందుకు ఊగుతూ తీరిగ్గా పైకి పాకింది. ఆకుల్లో కలిసిపోయింది. ఇంక కనబడదని బాబాయి రెండుసార్లు చెప్పాక గానీ నాన్న కదలలేదు.

తర్వాత నాన్న మాట నిలబెట్టుకున్నాడు. నేను ఏమైనా అడిగేదాన్ని. నొప్పి పుడుతుందా? భయమేస్తుందా? నువ్వు పోయాక షాపు ఎవరిది? మనం ఈ ఇంట్లోనే ఉంటామా? కొన్నిటికి తెల్వదు అనేవాడు. భయం గురించి అడిగితే రాత్రి పూట వేస్తుందన్నాడు. ఒకరోజు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దగ్గర ఉబ్బిన నరం చూపించి, చెయ్యి పెట్టి చూడమన్నాడు. రక్తం కడిగే మిషనుకు పెట్టడానికి రెండు నరాలు కలిపి కుట్టారట. దాని మీద అరచెయ్యి పెడితే లోపల గుయ్‌మని అదురుతోంది. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఆ చెయ్యి మీద చెయ్యి వేసుకునేదాన్ని. బాగాలేని రోజు బాగాలేదనే చెప్పేవాడు. అప్పుడు నేను గదిలోకి పోకుండా గుమ్మంలో కూర్చుని చదువుకునేదాన్ని. నయమయ్యాక ఎక్కడికి పోదాం అనే మాట మా మధ్య మళ్లీ రాలేదు. దాని బదులు ఆయన తన చిన్నతనం చెప్పాడు. తను నాలుగో తరగతి తప్పిన సంగతి చెప్పాడు. అమ్మను మొదటిసారి చూసినప్పుడు ఏమనుకున్నాడో చెప్పాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బాబాయి బడికి వచ్చాడు. నాన్నకు జర జ్వరం ఉంది, నిన్ను చూస్తనంటున్నడు అన్నాడు. స్కూటరు ఎక్కాను. నారాయణగూడ చౌరస్తా దాటాక నేను వెనక నుంచి అడిగాను.

"నాన్న పోయిండా బాబాయ్?"

బాబాయి స్కూటరు పక్కకు తీసి ఆపాడు. నా వైపు తిరగకుండానే తలూపాడు. తర్వాత బండి స్టాండు వేయడం కూడా మరిచిపోయి, హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఏడ్చాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని నిలబడ్డాను. ఇల్లు చేరేలోపు నాక్కావలసినంత ఏడ్చాను. గుమ్మం ముందు జనాన్ని చూసి నాకు తెలియలేదు. ముందే తెలిసి ఆ గుమ్మంలోకి నడిచాను.

నాన్న చేసింది తప్పని అమ్మ ఇప్పటికీ అంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల మీద అంత బరువు పెట్టాలా, ఇంకొన్నాళ్లు నవ్వుతూ తిరిగేది కదా అంటుంది. అమ్మ మాటను నేను కొట్టిపారేయను. ఆ రోజు తర్వాత నేను పక్క జాగాలోకి ఆటకు పోలేదు. రాత్రుళ్లు లేచి నాన్న ఊపిరి వినబడుతోందా అని చెవి పెట్టి విన్నాను. అది ఏ పిల్లకూ రాకూడదు. కానీ నాన్న బతికుండగా నేను ఆయనతో గడిపిన ఆఖరి రోజులు, ఎప్పుడో బాగవుతాడని ఎదురుచూస్తూ పోగొట్టుకున్నవి కావు. అవి నాకు దక్కాయి.

చాలా ఏళ్లకు నాయనమ్మ మంచాన పడింది. వచ్చినవాళ్లంతా ఏం కాదు, లేచి తిరుగుతవ్ అని చెప్పి పోతున్నారు. ఒక మధ్యాహ్నం అందర్నీ బయటికి పొమ్మని నన్నొక్కదాన్ని ఉండమన్నది.

"నువ్వు మీ నాయిన బిడ్డవు. నువ్వు చెప్పు. లేస్తనా నేను?"

ఎవరికైనా చెడ్డమాట చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. ఇన్నేళ్లలో అది ఏమాత్రం తేలిక కాలేదు. మంచం అంచున కూర్చుని, ఆమె మొహానికి దగ్గరగా వంగి, లేవవు నాయనమ్మా అని చెప్పాను. ఆమె, ఎవరన్నా చూడ్డానికొస్తే బాగుండదు, జర తల దువ్వి జడ ఎయ్యి అన్నది.